బరువైన పేరు

సంధ్యవేళ... సుంబింగ్ కొండ వెనక సూర్యుడు నెత్తురు కక్కుకుంటూ కూలిపోతున్నాడు. ఆకాశం దద్దరిల్లేలా ఉరుములు...! పిల్లల్ని లోపలికి లాక్కుని తల్లులు తలుపులు బిగించుకునే ఆ ఘోర ఘడియలో, వార్తిని మాత్రం కూతుర్ని భుజాన వేసుకుని మంత్రగాడు సార్పాన్ గడప తొక్కింది. వైద్యం మొదలై అది ఏడో రోజు.

పిల్లకు ఆరేళ్లు. పేరు రాతు కెంచానా, అంటే బంగారు రాణి. మాటలు రాలేదు, కుదురు లేదు, తోటిపిల్లల్ని కొరుకుతుంది. అయినా అమ్మ పేరుపెట్టి పిలిస్తే ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి ఒళ్లో పడేది. "రోజూ ఓపిగ్గా నేర్పుకోవాలమ్మా, ఏళ్లు పడుతుంది" అంది నర్సు. ఊరు ఊరుకుంటేగా! "పొగాకు కూలీ కూతురికి రాణి పేరేంటే? బరువు మోయలేక ఇలా తయారైంది" అన్నారు అమ్మలక్కలు. ఆ ఊళ్లో పిల్ల దారిన పడకపోతే పేరు మార్చేయడం మామూలే.

అందుకే వార్తిని సార్పాన్ దగ్గరికి వెళ్లింది. అతను పేరు మార్చడంతో ఆగలేదు. కోతి కపాలంలోకి పాత పేరు ఊది, సాంబ్రాణి పొగల మధ్య దాన్ని పాతిపెట్టాడు. "ఇకనుంచి ఇది కినెమ్, కూలింటికి తగ్గ తేలిక పేరు. పాత పేరు నీ నోట వచ్చిందో... పిల్ల నీకు దక్కదు" అన్నాడు. రోజురోజుకూ చిక్కబరుస్తూ ఒక నల్లటి కషాయం పట్టించాడు. మూడో రోజుకే పిల్ల గోల మానేసి మూల కూర్చుంది. నయమైందనుకుని వార్తిని సంతోషంతో ఏడ్చింది, పిచ్చి తల్లి.

ఇప్పుడు ఆ పసి ఒళ్లు పెనంలా కాలిపోతోంది. కనుపాపలు కళ్లంతా పరుచుకున్నాయి. కనిపించని దారాలేవో గాల్లోంచి లాగుతోంది...

"కినెమ్... కినెమ్..."

ఆ పేరు దానికేం తెలుసు? తిరిగి చూడలేదు. అసలు పేరు వార్తిని గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. పిలిస్తే పోతుందేమో... పిలవకపోతే ఎటు పోతుందో! ఏ తల్లికీ అలాంటి గతి పట్టకూడదు.

"తాతా, ఆ కషాయంలో ఏం కలిపారు?"

"ఉమ్మెత్త గింజలు. దెయ్యానికే విషం, మనిషినేం చెయ్యదు."

"అయితే మీరు తాగండి."

గోల విని గుమ్మంలో చేరిన జనం చూస్తున్నారు. సార్పాన్ ఇకిలించి, కషాయం కుండెత్తి అడుగంటా తాగేశాడు. పిల్లను ఆసుపత్రికి చేర్చాలని ఎవరో వ్యాన్ కోసం కొండ కిందికి పరుగెత్తారు.

అది వచ్చేసరికి గంట పట్టింది. ఆలోపే సార్పాన్ గోడలు గీరుతూ అరవడం మొదలెట్టాడు. "పులులు... కోతులు... నా పేరు పిలుస్తున్నాయి...!" లేనివి ఉన్నాయని జీవితమంతా జనాన్ని బెదిరించినవాడికి ఆ పూట అన్నీ కనిపించాయి. గోళ్లతో నేల తవ్వాడు, వీధినపడి పరుగెత్తాడు, వాగు లోయలోకి దొర్లిపోయాడు. ఏ దేవుడూ దిగిరాలేదు. వాడి మందే వాడిని మింగింది.

వ్యాన్‌లో వార్తిని నిషేధం తెంచుకుంది. "రాతు కెంచానా... అమ్మనే... రావే..."

పిల్ల బతికింది. ఆసుపత్రిలో పదిరోజులకు కళ్లు తెరిచింది. వార్తిని పాత పేరుతో పిలిచింది, కొత్త పేరుతో పిలిచింది. ఆ కళ్లు పైకప్పు మీదనుంచి కదలలేదు. ఎదురుగా చేతులు చాచుకుని కూర్చుని, ఆమె ఈనాటికీ పిలుస్తూనే ఉంది.