మూడు తాళాల పెట్టెలో పద్దెనిమిది కోట్లు

ఉప్పర్వాహి రోడ్డు మీద రహస్య ఏజెంట్ సంజీవ్‌ను చంపడానికి ఒక పత్తి లారీ సరిపోయింది. మోటార్‌సైకిల్ మీద పోతున్న మనిషిని వెనక నుంచి గుద్దింది. ఆగింది. రివర్స్ గేరులో వెనక్కి వచ్చి మళ్లీ తొక్కింది. యాక్సిడెంట్ చేసిన లారీ వెనక్కెందుకు వస్తుందని ఒక హెడ్ కానిస్టేబుల్‌కు అనుమానం రాబట్టి అతను రాసిన రిపోర్టు నాగపూర్‌లో సంజీవ్ పనిచేసిన, బోర్డు లేని ఒక ఆఫీసుకు చేరింది. లేకపోతే బీమా క్లెయిముతో కథ ముగిసిపోయేది.

ఆ ఆఫీసు డైరెక్టర్ రామకిషన్. రిటైర్మెంట్‌కు ఎనిమిది నెలలుంది, కడుపులో అల్సర్ ఉంది, మెడల్ మీద ఆశ ఇంకా చావలేదు. ఆయన ఎదురుగా కూర్చున్నవాడు వంశీధర్. వయసు ముప్పై తొమ్మిది, ఇప్పటికి పదకొండు దొంగ పేర్లు మార్చాడు. సొంత పేరుతో పిలిస్తే ఒక్క క్షణం ఆలస్యంగా తిరుగుతాడు.

రామకిషన్ బ్రీఫింగ్ పది నిమిషాల్లో ముగించాడు. చంద్రపూర్ జిల్లా, కోర్పనా తాలూకా. కాపూస్ వాలెట్, అంటే పత్తి వాలెట్, అనే మొబైల్ యాప్. బ్యాంకుకు పోవాలంటే పదహారు కిలోమీటర్లు, పోయాక సర్వర్ డౌన్. ఈ యాప్ అయితే చేతిలోనే ఉంటుంది. ఎరువుల కొట్టులో స్కాన్ చేస్తే బస్తా ఇస్తారు, చాయ్ హోటల్లో స్కాన్ చేస్తే చాయ్ ఇస్తారు, మిగిలిన డబ్బు బిట్‌కాయిన్ అవుతుంది. రేటు పెరిగితే ఆకుపచ్చ బాణం. రెండేళ్లలో రెండు వందల పల్లెలు దాని వలలో పడిపోయాయి.

"కాయిన్ బోగసా సార్?"

"బోగసైతే సుఖంగా ఉండేది. అసలైన బిట్‌కాయినే కొన్నారు. పద్దెనిమిది కోట్లు, ఒకే వాలెట్‌లో. వచ్చే నెల మొదటి మంగళవారం పదకొండు గంటలకు సరిహద్దు అవతలికి పోతుంది. అక్కడ దానితో ఏం కొంటారో నీకు చెప్పక్కర్లేదు."

వాలెట్‌కు రెండు కీలు. పెన్‌డ్రైవ్ అంత పరికరాలు. రెండిటి మీదా బటన్ నొక్కితేనే డబ్బు కదులుతుంది. మొదటిది ఈ ముఠా లోకల్ చీఫ్ చక్రపాణి దగ్గర ఉంది. అవతలి బాసులు చక్రపాణిని నమ్మరు. అందుకే రెండోది దాని విలువ తెలియని మనిషి దగ్గర పెట్టించారు. కీ పోయినా వాలెట్‌ను తిరిగి తెరిపించే రహస్య పదాల కాగితం ఉండేది. దాన్ని కూడా కాల్పించేశారు, ఎవడూ దొంగిలించకుండా. ఈ సంగతులు చెప్పింది ముఠాలో మన మనిషి కోమల. యాప్ ట్రైనర్, నల్ల కళ్లద్దాలు, ఎర్ర స్కూటర్. ఆమె మీటింగ్ పెడితే మగవాళ్లు కూడా ఆడవాళ్ల పొదుపు సంఘమైన బచత్ గట్‌లో చేరతామని అర్జీలు పెట్టుకునేవారట.

ఈ సొమ్ముకు చట్టంలో విలువేమిటని వంశీధర్ అడిగాడు. రామకిషన్ అల్సర్ మాత్ర మింగి నీళ్లు తాగాడు. అది డబ్బు కాదట, డిపాజిట్ కాదట, దానికి బ్యాంకు పూచీ లేదట. లాభం వస్తే మాత్రం ముప్పై శాతం పన్ను కట్టాలట.

మర్నాటికల్లా వంశీధర్ పత్తి దలాల్ అయిపోయాడు. మాసిన పైజామా, చెవిలో పెన్సిలు, చేతిలో పత్తి తేమ చూసే మాయిశ్చర్ మీటర్. ఆ మీటర్ లోపల తేమ చూసే సరంజామా ఏమీ లేదు, కీలు కాపీ చేసే యంత్రం ఉంది. వారంలో కోమల చక్రపాణి కీని అరగంట సేపు కాజేసి తెచ్చింది. చంద్రపూర్ బస్టాండ్‌లో కోడ్ మాటలు నడిచాయి. "వరోరా బొగ్గు తడిసిందా?" అన్నాడు. "ఆరబెట్టినం" అంది. మొదటి కీ కాపీ మీటర్‌లోకి వచ్చేసింది.

రెండో కీ ఉన్న మనిషి పేరు రాజక్క.

కోర్పనా నుంచి పదహారు కిలోమీటర్లు లోపల, తెలంగాణ సరిహద్దుకు ఆనుకున్న తెలుగు రైతుల ఊరు. రాజక్క ఆ ఊరి బచత్ గట్ అధ్యక్షురాలు. నలభై మంది ఆడవాళ్లు పత్తి ఏరిన కూలిలోంచి పొదుపు చేసుకున్న సొమ్ము ఆమె మాట మీదే యాప్‌లోకి పోయింది. కానీ ఆమె తెలివితక్కువదేం కాదు. పక్క ఊళ్లో ఒకామె డబ్బు తీయబోతే మూడు రోజులు రాలేదని విని అదే సాయంత్రం గట్ పైసలన్నీ వెనక్కి తీసేద్దామని లేచింది. సరిగ్గా అప్పుడే దలాల్ వేషంలో వంశీధర్ ఆమె వాకిట్లో దిగాడు.

తానెవరో చెప్పాడు. ఒక గట్ మొత్తం ఒక్కసారి డబ్బు తీస్తే ముఠాకు అనుమానం వస్తుందని, అప్పుడు రెండు వందల ఊళ్ల సొమ్ము ఒక్క రాత్రిలో మాయమవుతుందని చెప్పాడు. అదంతా నిజమే. మూడు వారాలు నోరు మూసుకుని ఉండమన్నాడు.

రాజక్క చేతిలోని ఫోన్ పక్కన పెట్టింది. తర్వాత అడిగింది. "గీ నలుబై మందికి జామీను ఎవ్వలు, సాబ్?"

"నేనే అక్కా."

ఎంత తేలిగ్గా అనేశాడు! పదకొండు పేర్ల మనిషి, ఏ పేరు మీద జామీను ఇస్తున్నాడో కూడా అనుకోలేదు. రాజక్క నమ్మింది. డబ్బు తీయలేదు.

ప్లాన్ సులువు. మంగళవారం పదకొండుకు చక్రపాణి వచ్చి రాజక్క చేత బటన్ నొక్కించుకుంటాడు. అంతకు ముందే వంశీధర్ పొద్దున్నే పోయి, మీటర్‌లోని కాపీతో, రాజక్క కీతో డబ్బును ఎవరి ఖాతాలోంచి వచ్చిందో వాళ్ల ఖాతాకు తిప్పేస్తాడు. ముందు రోజుల్లోనే తిప్పితే చక్రపాణి పారిపోతాడు. తర్వాత ఉప్పర్వాహి దగ్గర కాచుకున్న టీమ్ చక్రపాణిని పట్టుకుంటుంది. సంజీవ్ సంగతి లోకల్‌గా ఎవరో లీక్ చేశారు కాబట్టి స్టేషన్‌కు చెప్పొద్దని రామకిషన్ ఆర్డర్.

మంగళవారం ఎనిమిదింటికి వంశీధర్ రాజక్క ఇంటికి చేరాడు. వాకిట్లో ఇంటికి వేయడానికి సున్నం విరుస్తున్నారు. డ్రమ్ములో నీళ్లు పోసిన రాతి సున్నం బుడబుడ ఉడుకుతోంది. గడపలో కూర్చున్న రాజక్కను కీ ఇమ్మన్నాడు.

"పెట్టెలున్నది సాబ్."

"తీయక్కా."

"ఎట్ల తీస్తం? జయమ్మ లేదు గద."

అప్పుడు బయటపడింది. గట్ పెట్టెకు మూడు తాళాలు. మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గర. ఒకటి రాజక్క దగ్గర, ఒకటి తిరుపతమ్మ దగ్గర, ఒకటి జయమ్మ దగ్గర. ముగ్గురూ కూర్చుంటే తప్ప పెట్టె తెరవరు. చక్రపాణి ఆ పరికరం ఇస్తూ జాగ్రత్తగా దాచమన్నాడు. జాగ్రత్త అంటే ఆ ఊళ్లో ఆడవాళ్లకు తెలిసిన చోటు ఒక్కటే. మూడు వారాల్లో వంశీధర్ ఆమెను వంద ప్రశ్నలు అడిగాడు. అది ఎక్కడ పెట్టావని మాత్రం అడగలేదు. నడుముకు కట్టుకుని తిరుగుతోందని అనుకున్నాడు. సిటీ మనిషి కదా, అట్లాగే అనుకుంటాడు.

జయమ్మ ఎక్కడ? వరోరా మార్కెట్‌లో. అక్కడ పత్తికి రెండు వందలు ఎక్కువ వస్తుందని రాత్రే పత్తి టెంపోలో వెళ్లింది. ఫోన్ చేస్తే కాటా ముందు లైన్‌లో నిలబడ్డానంది. బస్సులో వస్తే మధ్యాహ్నం దాటుతుందంది.

వంశీధర్ మూలనున్న గడ్డపార తీసుకున్నాడు. తిరుపతమ్మ ఏమీ అనకుండా పోయి పెట్టె మీద కూర్చుంది. అరవై ఏళ్ల మనిషి, కదిలేట్టు లేదు.

రాజక్క గొంతు పెంచలేదు. "ఒక్క తాళం ఉన్నప్పుడు నూట యాబై తక్కువ అచ్చినయి, సాబ్. అధ్యక్షురాలు తిన్నదన్నరు. ఆమె బాయిల వడ్డది. అటెన్క పైసలు చీరల మడతల దొరికినయి. అప్పటి సంది మూడు తాళాలు. పగలగొడితె నన్నేమంటరో నువ్వే చెప్పు."

బావిలో పడినామె తిరుపతమ్మ చెల్లెలు. ఆ సంగతి తిరుపతమ్మ ముఖం చూస్తేనే తెలిసింది. వంశీధర్ గడ్డపార దించాడు. దించకుండా ఉంటే ఎట్లా ఉండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

టీమ్‌ను కదిపితే చక్రపాణికి తెలిసిపోతుంది, ఇక ఒకటే దారి. చంద్రపూర్‌లో ఉన్న కోమలకు ఫోన్ చేశాడు. మూడో తాళం వరోరాలో ఉందని, వెంటనే కారు పంపి జయమ్మను తెప్పించమని అడిగాడు. ఎన్నింటికల్లా కావాలని మాత్రమే అడిగింది కోమల. పదిన్నరకల్లా అన్నాడు. "అయితే మంచి బండే పంపాలి" అని ఫోన్ పెట్టేసింది.

ఆ రెండున్నర గంటలు అతను వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు. రాజక్క డ్రమ్ములో ఇంకో తట్ట రాతి సున్నం వేయించి చాయ్ ఇచ్చింది. ఇవాళ రేటు ఎంతుందని అడిగింది. చూసి చెప్పాడు. మంచిగనే ఉన్నదంది. ఈ పైసలు వస్తే గట్‌ను మళ్లీ బ్యాంకులోనే పెడతానని, సర్వర్ పడుకున్నా సరే ఒక రోజు కూలి పోగొట్టుకుని లైన్‌లో నిలబడతామని చెప్పింది. వడ్డీ తక్కువే అయినా బ్యాంకు గోడలు కనిపిస్తాయి, తిట్టడానికి మేనేజర్ ఉంటాడు. ఆర్థికశాస్త్రంలో డిగ్రీ ఉన్న వంశీధర్ ఖాళీ గ్లాసు గడప మీద పెట్టి మళ్లీ టైము చూసుకున్నాడు.

పది యాభైకి కారు వచ్చింది. తెల్లటి పెద్ద బండి. వెనక తలుపులోంచి జయమ్మ దిగింది. ఆమె మెడ దగ్గర పిస్తోలు పెట్టుకుని చక్రపాణి దిగాడు.

కోమల నిజంగానే మంచి బండి పంపింది! ఒక్క ఫోన్ కాల్‌తో ఇద్దరు యజమానుల పనీ చేసిపెట్టింది.

చక్రపాణి ఇస్త్రీ చొక్కా మనిషి. మీటర్ కింద పెట్టమన్నాడు, ఫోన్ కాలితో తన్నేశాడు. ముగ్గురు ఆడవాళ్లనీ పెట్టె తెరవమన్నాడు. వాళ్లు అలవాటు చొప్పున పక్కపక్కన కూర్చుని వరసగా తాళాలు తీశారు. గట్ రిజిస్టరు కింద, పసుపు గుడ్డలో, పరికరం ఉంది. చక్రపాణి ఎడమ చేత్తో తన కీ బటన్ నొక్కాడు. అతని చొక్కా జేబులోంచి తొంగిచూస్తున్న ఫోన్‌లో అవతలి బాసులు వీడియో కాల్ మీద చూస్తున్నారు. ఇంకా నాలుగు నిమిషాలుంది.

"నొక్కు రాజక్కా. నొక్కితె ఎవ్వలకేం కాదు" అన్నాడు.

రాజక్క పరికరం పట్టుకుని లేచి వాకిట్లోకి నడిచింది. వెలుతుర్లో బటన్ కనబడాలంది. చక్రపాణి జయమ్మను ముందుకు తోసుకుంటూ వెనకే వచ్చాడు. రాజక్క వంశీధర్ వైపు తిరిగింది.

"వత్తితె పైసలు పోతయి. వత్తకుంటె జయమ్మ పోతది. గంతేనా సాబ్?"

అబద్ధాలతో బతికిన మనిషికి ఆ పూట ఒక్క అబద్ధం కూడా అందలేదు. "గంతే అక్కా" అన్నాడు.

ఆమె పరికరాన్ని ఉడుకుతున్న సున్నం డ్రమ్ములో వేసేసింది.

చక్రపాణి మెదడు కంటే చెయ్యి ముందు కదిలింది. పద్దెనిమిది కోట్ల వెనకాల మోచేతి దాకా సున్నంలో ముంచాడు. ఆ కేక ఊరవతల పత్తి చేలకు వినిపించింది. పిస్తోలు జారి పడింది. వంశీధర్ అది అందుకునేసరికి పదకొండు కావడానికి ఇంకా నలభై సెకండ్లుంది. ఫోన్‌లో బాసులు ఒక్క మాట అనకుండా కాల్ కట్ చేశారు. చక్రపాణి కాలిన చెయ్యి పట్టుకుని, తనను తొందరగా జైలుకు తీసుకుపొమ్మని వంశీధర్‌ను బతిమాలాడు. బయట ఉంటే వాళ్లు చంపేస్తారన్నాడు.

జయమ్మ బతికింది. కుట్ర భగ్నమైంది. కోమల ఆ మధ్యాహ్నమే నాగపూర్ ఎయిర్‌పోర్ట్ దాటింది. సొంత వాటాను సోమవారమే రూపాయల్లోకి మార్చుకుందని తర్వాత తెలిసింది.

ఢిల్లీ నుంచి వచ్చిన ఎక్స్‌పర్టులు సున్నంలో ఉడికిన పరికరాన్ని నాలుగు రోజులు చూశారు. రెండో కీ లేదు, కాగితం లేదు, ఈ తాళాన్ని పగలగొట్టే గడ్డపార ప్రపంచంలో ఎక్కడా లేదు అన్నారు. డబ్బు ఎక్కడికీ పోలేదు. ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఎవరూ ముట్టుకోలేరు.

వంశీధర్ ఆ మాట చెప్పడానికి తానే ఊరికి వెళ్లాడు. నలభై మందీ నేల మీద కూర్చుని విన్నారు. పరిహారం కోసం రాసిన అర్జీ అప్పటికే వెనక్కి వచ్చింది, అది డిపాజిట్ కాదు కాబట్టి పథకం వర్తించదని. అతను ఒక్కొక్కరి ముఖం చూస్తూ చెప్పలేకపోయాడు, సిగ్గుతో రిజిస్టరు వైపు చూస్తూ చెప్పాడు. ఎవరూ అరవలేదు. ఒకామె మాత్రం, నెల కింద తీస్తానన్నప్పుడు ఎందుకు తీయలేదని రాజక్కను అడిగింది.

రాజక్క అతని పేరు చెప్పలేదు. "నేనే వద్దన్న" అంది. నడుమున ఉన్న తాళంచెవి విప్పి తిరుపతమ్మ ముందు పెట్టింది.

అతను బయటికి వచ్చాక ఆమె కారు దాకా వచ్చింది. తన జీతంలోంచి నెలనెలా ఇస్తానన్నాడు. నలభై ఇళ్లకు ఎన్నేండ్లు ఇస్తావని అడిగింది. అతను లెక్క కట్టబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టి, "ఉండనియ్యి. నువ్వు సుత తెల్వకనే జామీను ఉంటనన్నవ్" అంది. ఆ మాట తిట్టు అయినా బాగుండేది.

ఇప్పుడు ఊళ్లో ఎవరూ ఆమెను పత్తి ఏరడానికి పిలవడం లేదు. పొద్దున్నే జీపులో ఎక్కడో దూరం ఊళ్లకు కూలికి పోతోందని జయమ్మ ఫోన్‌లో చెప్పింది. వంశీధర్ మళ్లీ అటు వెళ్లే ధైర్యం చేయలేదు.

రామకిషన్‌కు మెడల్ ఖాయమైంది. మెడల్ ఫారంలో 'శత్రువుకు దక్కకుండా కాపాడిన మొత్తం' అనే గడిలో మొదట పద్దెనిమిది కోట్లు అని రాశాడు. తర్వాత బిట్‌కాయిన్ రేటు పెరిగింది. ఇరవై ఒకటి అని దిద్దాడు. ప్రతి సోమవారం పొద్దున యాప్ చూసి ఆ అంకె మారుస్తున్నాడు, రిటైరయ్యేలోపు ముప్పై దాటుతుందని ఆయన నమ్మకం.