కోతితోక

ఆ సాయంత్రం విమానవాహక నౌక మీద అంతా మామూలుగానే ఉంది. ఎప్పటిలాగే డబ్బాపాలు పోసిన టీ, ఎప్పటిలాగే మెత్తబడిన బిస్కెట్లు. మాల్టా దీవి వైపు సముద్రం నూనె రాసినట్టు కదలకుండా పడుంది. రెండు జతల రెక్కల టార్పెడో విమానంలో ముందు సీట్లో క్రాస్లీ కూర్చున్నాడు. దారి చూపడానికి వెనక సీట్లోకి కొత్తగా వచ్చిన పెండ్రీ ఎక్కాడు.

"కోతితోక తగిలించుకున్నావా?" అడిగాడు క్రాస్లీ.

"తగిలించుకున్నా. ఈ తోకతో చూస్తే మా అమ్మ ఎంత మురిసిపోయేదో!"

క్రాస్లీకి నవ్వు రాలేదు. వెనక కూర్చున్నవాడు గాల్లోకి జారిపోకుండా నడుముకీ విమానం అడుగుకీ కలిపి బిగించే పట్టీ అది. పైలట్లకు ఉండదు. కిందటి వసంతంలో క్రాస్లీ విమానం నీళ్లలో పడినప్పుడు, వెనక సీట్లో ఉన్న నాన్స్ ఆ పట్టీతోనే మునిగిపోయాడు. పడేముందు "విప్పుకో" అని చెప్పాల్సింది క్రాస్లీయే. ప్రాణభయంతో అప్పుడు నోరు పెగల్లేదు. విచారణలో మాత్రం బ్రహ్మాండంగా పెగిలింది.

"విప్పుకోమని చెప్పాను. నాన్సే వినలేదు" అన్నాడు. నాన్స్ భార్య ఎదురుగానే అన్నాడు, సిగ్గులేని మనిషి.

సాధన కోసం ఉత్తుత్తి టార్పెడో వదిలి వెనక్కి తిరిగేసరికి పొగమంచు కమ్మింది. నౌక కనిపించలేదు. వెనక సీటు నుంచి మాటల్ని చెవిదాకా తెచ్చే రబ్బరు గొట్టమే దిక్కు.

"ఎటు?" అన్నాడు క్రాస్లీ.

"ఎడమకి."

తిప్పాడు. చాలాసేపు పోయాడు.

"ఇంకాస్త ఎడమకి."

పెట్రోలు వాసనలో ఎక్కడిదో బురద వాసన కలిసింది. గొట్టంలోంచి చల్లటి చుక్క ఒకటి మెడ మీదికి జారింది.

"నౌక ఏదిరా?"

"దగ్గరికొచ్చేశావులే, క్రాస్లీ..."

అది పెండ్రీ గొంతు కాదు.

భుజం మీద చెయ్యి పడింది. క్రాస్లీ గిర్రున వెనక్కి తిరిగాడు. పెండ్రీ ముందుకు వంగి గాలిలో అరుస్తున్నాడు. "ఎక్కడికిరా పోతున్నావ్? ఇందాకట్నుంచి గొంతు చించుకుంటున్నా! నా గొట్టం బయల్దేరగానే ఊడిపోయింది!"

చేతిలో ఊడిన కొస చూపించాడు.

క్రాస్లీ చెవిలో ఎవరో ఊపిరి పీలుస్తున్నారు...

ఇంజను దగ్గింది. మళ్లీ దగ్గి ఆగిపోయింది. పెట్రోలు లేదు. నీళ్లు మీదికొస్తున్నాయి. ఈసారి మాత్రం క్రాస్లీ ప్రాణం పెట్టి అరిచాడు.

"పెండ్రీ! కోతితోక విప్పుకో!"

వెనక కొక్కెం ఊడిన చప్పుడు. ఆ వెంటనే సముద్రం. పెండ్రీ ఈదుకుంటూ దూరంగా పోవడం కనిపించింది. క్రాస్లీ తన బెల్టు విప్పేసి లేవబోయాడు.

లేవలేకపోయాడు.

నడుము వెనక ఏదో లాగుతోంది. చెయ్యి పెట్టి తడిమాడు. నానిపోయిన పట్టీ... తుప్పు కొక్కెం... దానికి అంటుకున్న చిన్న చిన్న గవ్వలు. గోళ్లు విరిగేలా పీకాడు. రాలేదు. నీళ్లు ఛాతీ దాటాయి. గడ్డం దాటాయి. చెవిలోని గొట్టం మాత్రం నీళ్లలోనూ స్పష్టంగా పలికింది.

"విప్పుకోమని చెప్పానుగా, క్రాస్లీ. నువ్వే వినలేదు."