గడప లేని బస్సు

కంచరపాలెం స్టాపులో బస్సు ఆగింది. ఎడమపక్కకు ఒరిగి, తన నేలను ఫుట్‌పాత్ అంచుదాకా చాచి పరిచింది. పైడితల్లి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లినట్టు లోపలికి నడిచింది. చిన్నప్పుడు లారీ కింద నలిగిన ఆమె కాలికి బస్సెక్కిన సంగతే తెలియలేదు.

డ్రైవరూ కండక్టరూ లేని ఈ బండిని నడిపేది దారిబుద్ధి అనే కంప్యూటరు. స్టాపులో నిలబడ్డవాళ్ల మోకాళ్లు చూసి, ఎవరికి ఎంత కావాలో అంత కిందికి దిగుతుంది. జనం దానికి గడప లేని బస్సు అని పేరు పెట్టుకున్నారు. వచ్చిన కొత్తలో విశాఖ అంతా పండగే. ముసలివాళ్లు పనేమీ లేకపోయినా ఎక్కి దిగేవారు. తోపుడుబండివాడొకడు బండితో సహా ఎక్కబోయి చీవాట్లు తిన్నాడు. ఫుట్‌బోర్డు కుర్రాళ్లు మాత్రం మొహాలు మాడ్చుకున్నారు. వేలాడ్డానికి చోటు లేనిది వాళ్ల దృష్టిలో బస్సే కాదు.

ఈ బస్సు కోసం ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగింది టైలరు పైడితల్లే. అందుకే మొదటిరోజు వార్తలవాళ్లు ఆమెనే పట్టుకున్నారు.

"ఇంక నాకు ఎవరి చెయ్యీ అక్కర్నేదండి. ఇన్నాళ్లూ పట్టుకున్నప్పుడల్లా సిగ్గుతో సచ్చిపోయేదాన్ని" అంది తలెత్తి.

ఆ మాట ఊళ్లోని గోడతెరలన్నింటి మీదా తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా మురిసిపోయింది, ఎందుకు మురవదు!

పాత బస్సుకి మోకాలెత్తు మెట్లుండేవి. రోజూ పొద్దున్నే కూర్మారావు ముందు ఎక్కి, వెనక్కి తిరిగి ఆమెకి చెయ్యి అందించేవాడు. చేపల కోల్డ్ స్టోరేజీలో పనివాడు. "జాగర్తండి" అనేవాడు. "ఎక్కేసేనండి" అనేది ఆమె. ఇన్నేళ్లలో వాళ్ల మధ్య నడిచిన మాటలు అంతే. ఇంకో మాట కలపాలని ఆమెకి ఎంతో ఉండేది, నోరు పెగిలేది కాదు. కొత్త బస్సు వచ్చాక అతను కనబడడమే మానేశాడు. కనబడితే ఈసారి తనే పలకరించాలని, ఎక్కగానే సీట్లన్నీ వెతుక్కుంటోంది. బస్సు నిండా జనమే. ఎవరూ ఎవరినీ పట్టుకోనక్కర్లేదు, జరగమని అడగనక్కర్లేదు. అంతమంది మధ్య ఆమె ఒంటరిగా మిగిలిపోయేది.

ఒకరోజు స్టాపులో నీలవేణి కనబడింది. ఆమెదీ ఆ కోల్డ్ స్టోరేజీలోనే పని.

"కూర్మారావుగారు ఈ బస్సుకి రావట్లేదేటి?" అని అడిగేసింది పైడితల్లి.

"ఆయనకి బస్సెందుకొదినా? ఆయనిల్లు మా కోల్డ్ స్టోరేజీ ఎనకాలే కదా."

"మరి రోజూ ఇక్కడే ఎక్కేవోరు?"

"ఇంటికాడ్నించి ఇంతదూరం నడిసొచ్చి, నిన్నెక్కించి, అదే బస్సులో ఎనక్కొచ్చేవోడు. నీకు తెలీదేటి?" నీలవేణి ఒక్క క్షణం తటపటాయించింది. "గోడతెర మీద నీ మాట ఇన్నాడు. 'పాపం, నా వల్ల రోజూ అంత సిగ్గుపడిందా' అన్నాడు, అంతే. మొన్న బదిలీ పెట్టించుకుని కాకినాడ ఎల్లిపోనాడు."

బస్సు వచ్చి ఒరిగింది. నీలవేణి ఎక్కింది. పైడితల్లికి కాలు కదల్లేదు. దారిబుద్ధి ఆమె మోకాలు చూసి మరికాస్త దిగింది. అయినా ఆమె కదలకపోయేసరికి, నేలను ఇంకా ముందుకి జరిపి ఆమె చెప్పులకి ఆనించింది.

"ఎక్కమ్మా, టైమైపోతంది!" అని లోపల్నుంచి కేకలు.

"ఎక్కలేకపోతన్నాను" అంది పైడితల్లి.

"ఎత్తు ఏమీ లేదు. మీరు ఎక్కగలరు" అంది దారిబుద్ధి మర్యాదగా.

ఆమె ఏడుపు ఆపుకోలేక మొహం పక్కకి తిప్పుకుంది. బస్సు కాసేపు ఎదురుచూసింది. ఇంకా దిగడానికి దానికి కింద ఏమీ మిగల్లేదు. తలుపు మూసుకుని వెళ్లిపోయింది.