ఆరని హీటరు

“మీరు నిన్న బాగుచేసిన పెట్టె నా గుడ్లని ఉడకబెడుతోంది.”

రిపేరు షాపు గుమ్మంలో వానకి తడిసి ముద్దయి నిలబడి ఆ అమ్మాయి అన్న మొదటి మాట అది. చంకలో గుడ్లు పొదిగే పెట్టె, చేతిలో మూత పెట్టిన టిఫిన్ డబ్బా. జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి గానీ, డబ్బాని మాత్రం తడవనివ్వలేదు.

మెకానిక్ చేతిలోని స్క్రూడ్రైవర్ జారి కిందపడింది. అసలే అతను భయస్థుడు. ఏ స్విచ్చయినా ఒకటికి రెండుసార్లు చూసుకుంటే గానీ వెయ్యడు. ఈ అమ్మాయి జంతువుల ఆస్పత్రిలో పక్షుల డాక్టరు. నిన్న వచ్చి, పని అయ్యేదాకా ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. అప్పట్నుంచీ అతనికి ఇంకో కొత్త భయం పట్టుకుంది. అదేం భయమో తనలో తాను అనుకోవడానికి కూడా ధైర్యం చాల్లేదు.

“గుడ్లు ఎలా ఉన్నాయండీ?”

“తెలీదు. పొద్దున ముట్టుకుంటే పెట్టె కాలిపోతోంది. వెంటనే తీసి ఈ డబ్బాలో పెట్టా. అడుగున వేడినీళ్ళ సంచీ ఉంది. కానీ ఆ వేడి నిలకడగా ఉండదు. రేపో మాపో పిల్లలు బయటికి రావాలి. ఇప్పుడు గనక చల్లబడితే అయిదూ పోతాయి.”

తల్లి బాతు రోడ్డు దాటుతూ లారీ కింద పడిపోయింది. ఈ గుడ్లని కోటు జేబుల్లో వేసుకుని తెచ్చింది ఈవిడే. నిన్న ఆ సంగతి చెప్పినప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది. ఇవాళ వణుకుతోంది.

అతను పెట్టె తెరిచాడు. అందులో ఉన్నది బ్రహ్మవిద్యేం కాదు. టైమరు కాసేపు వెయ్యమంటుంది, కాసేపు ఆపమంటుంది. ఆ మాట విని హీటరుకి కరెంటు వదిలేదీ, ఆపేదీ పవర్ ట్రాన్సిస్టరు. నిన్న అదే కాలిపోతే కొత్తది వేశాడు.

స్విచ్చి వేశాడు. టైమరు పక్కనున్న పచ్చ దీపం బుద్ధిగా వెలుగుతోంది, ఆరుతోంది. హీటరు తీగ మాత్రం ఎర్రబడిందంటే ఎర్రబడిందే.

“టైమరు ఆపమంటూనే ఉంది. ఇది వినట్లేదు,” అన్నాడు నీళ్ళు నములుతూ.

“కొత్తది వేశానన్నారుగా?”

“వేశానండీ.”

“మరి?”

అతను ట్రాన్సిస్టరు ఊడదీసి మీటరు పెట్టి చూశాడు. నిక్షేపంగా ఉంది. ఇంకోటి తెచ్చి బిగించాడు. మళ్ళీ అదే తంతు.

వెనక గదిలోంచి అతని తల్లి తువ్వాలు పట్టుకొచ్చింది. “ఒరేయ్, ఆ పిల్ల అలా తడిసిపోయి నిలబడితే కనీసం తుడుచుకోమని అనవా? వీడంతేనమ్మా. బల్లి కనపడితే మంచం ఎక్కేవాడు. ఈ కరెంటు పనిలోకి ఎలా వచ్చాడో ఆ దేవుడికే తెలియాలి.”

అమ్మాయి నవ్వలేదు. తల తుడుచుకోకుండా ఆ తువ్వాలుని డబ్బాకి చుట్టింది. “సంచీ చల్లారుతోందండీ,” అంది. పెద్దావిడ మారు మాట్లాడకుండా నీళ్ళు కాచడానికి లోపలికి పరిగెత్తింది.

అతను ట్రాన్సిస్టరు మళ్ళీ ఊడదీశాడు. ఈసారి దాని వేడి లాగే ఇనప రేకుకి బిగించలేదు. తీగలతోనే గాల్లో వేలాడదీసి స్విచ్చి వేశాడు. హీటరు ఎర్రబడింది. కాసేపటికి ఆరింది. మళ్ళీ ఎర్రబడింది.

“గాల్లో ఉంటే వింటోంది. రేకుకి బిగిస్తే వినట్లేదు,” అని గొణుక్కున్నాడు. గబగబా రేకు మీద తను రాసిన, వేడి లాగే తెల్లటి పేస్టు తుడిచాడు. కింద బోసిగా ఇనుము కనపడింది.

“ఇక్కడ మైకా పొర ఉండాలండీ. పల్చగా, అద్దంలా ఉంటుంది. ఈ ట్రాన్సిస్టరు వీపులో కూడా కరెంటు ఉంటుంది. అది నేరుగా రేకుకి తగిలిందంటే కరెంటు రేకులోంచే పారిపోతుంది. ఇక టైమరుతో పనిలేదు, హీటరు ఆరమన్నా ఆరదు.”

అమ్మాయి మొహం పాలిపోయింది. “జిడ్డు జిడ్డుగా, ప్లాస్టిక్ ముక్కలా ఉంటుందా?”

“అవునండీ.”

“నిన్న అమ్మగారు పిలిస్తే మీరు లోపలికి వెళ్ళారు కదా. ఊరికే కూర్చోలేక మీ బల్లంతా తుడిచా. ఆస్పత్రి అలవాటు. ఆ ముక్కని చెత్తలో పడేశా.” ఆమె స్టూలు మీద కూలబడింది. “అంటే వాటిని నేనే చంపుకున్నానా?”

అతను కొత్త మైకా పెట్టాడు. స్క్రూకి ప్లాస్టిక్ తొడుగు వేసి బిగించాడు. రేకుకి ఎక్కడా తగలడం లేదని మీటరుతో చూసుకున్నాడు, మళ్ళీ చూసుకున్నాడు. స్విచ్చి వేస్తే హీటరు ఎర్రబడి, టైమరు ఆపమన్నప్పుడు ఆరింది.

“టార్చి ఇవ్వండి,” అందామె.

అతను షట్టరు దించాడు. చీకట్లో ఒక్కో గుడ్డుకీ కింద వెలుతురు పెట్టి చూసింది. మొదటి దాంట్లో నీడ కదిలింది. తర్వాతి మూడింటిలోనూ కదిలింది. చివరి గుడ్డులో ఏమీ కదల్లేదు. అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. ఆమె గుడ్డుని చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుంది. తర్వాత అతని చెవి దగ్గర పెట్టింది.

లోపల ఎవరో గోటితో గీకుతున్నట్టు చిన్న చప్పుడు.

ఆమె కళ్ళు తుడుచుకుంది. గుడ్లన్నీ పెట్టెలో సర్ది మూత వేసింది. పెద్దావిడ వేడినీళ్ళతో వచ్చి, సంగతి అర్థమై గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఒకటి అడగనా?” అంది అమ్మాయి. “అన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకుంటారు కదా. నిన్న మైకా లేదని ఎలా చూసుకోలేదు?”

అతనికి అబద్ధం చెబుదామన్నా ఒక్కటీ తట్టలేదు.

“మీరు నా చేతులకేసి చూస్తున్నారు. నాకింకేమీ కనపడలేదండీ.”

ఆమె డబ్బాకి చుట్టిన తువ్వాలు విప్పి మడతపెట్టింది.

“ఇవాళా చూశానుగా,” అందామె.

“ఇవాళ గుడ్ల భయం ఆ భయాన్ని మింగేసింది.”

“ఇప్పుడో?”

“ఇప్పుడు మళ్ళీ మొదటి భయమేనండీ.”

ఆమె నవ్వింది. తువ్వాలు తిరిగి ఇవ్వబోతే పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టింది. “ఉంచుకో తల్లీ. మళ్ళీ వచ్చినప్పుడు తెద్దువుగాని.”

అతను షట్టరు ఎత్తాడు. పెట్టెలో వేడినీళ్ళ సంచీ కూడా సర్దుకుని, ఎత్తుకుని గుమ్మంలో ఆగింది ఆ అమ్మాయి. “రేపు పిల్లలు బయటికొస్తాయి. చూడ్డానికి ఆస్పత్రికి రండి. భయపడకుండా రావాలి సుమా.”

“భయపడుతూనే వస్తానండీ,” అన్నాడతను.