ముప్పై ఏడో మగ్గం

ఆ రోజు ఆఖరి బృందంలో ఏడుగురే ఉన్నారు. వాన పడుతోందని మిగతావాళ్ళు మానుకున్నారు. ఆ ఏడుగురిలో ఒకతె గైడమ్మ సొంత కోడలు.

పెళ్ళై ఎనిమిది నెలలైనా ఆ పిల్ల అత్తగారు పనిచేసే చోటు చూడలేదు. "మీ అబ్బాయి నన్ను సినిమాకి ఎలాగూ తీసుకెళ్ళడు, మీరు మిల్లుకైనా తీసుకెళ్ళండి అత్తయ్యా" అని వారం నుంచి ప్రాణం తోడేస్తోంది. బయల్దేరేటప్పుడు కొడుకు గుమ్మంలో నిలబడి, "జాగ్రత్తగా తీసుకురా అమ్మా. కనపడ్డ ప్రతి మీటా నొక్కి చూసే రకం ఇది" అన్నాడు.

"నీ సొమ్మేం అరగదులేరా. తీసుకెళ్ళినట్టే తెచ్చి అప్పజెబుతాను" అంది గైడమ్మ.

మిల్లు మూతబడి ఇరవై ఆరేళ్ళు. ఇప్పుడది మనుషులు టిక్కెట్టు కొని చూసే చోటు. ఎర్ర ఇటుక గోడలు, ఆకాశంలోకి గుచ్చినట్టున్న పొగగొట్టం, రంపపు పళ్ళలా వరసలు తీరిన గాజు కప్పు. గైడమ్మ ఒకప్పుడు అక్కడే మగ్గం నడిపింది. అందుకే ఆమె చెబుతుంటే జనం కదలకుండా వింటారు. గొంతు పెంచదు. వినాలంటే వాళ్ళే దగ్గరికి జరగాలి.

బాయిలరు గది, పొగగొట్టం చూపించి, చివరికి అందరినీ మగ్గాల సాలలోకి తీసుకొచ్చింది. మూడొందల మగ్గాలు. మోటార్లు ఏనాడో తుక్కు కింద అమ్మేశారు. అయినా పాత గంజి వాసన, నూనె వాసన గోడల్లోంచి పోలేదు. వాన తడికి ఆ రోజు ఇంకాస్త ఎక్కువగా ఉంది. గాజు కప్పు మీద చినుకులు ఆగి ఆగి రాలుతున్నాయి. ఎవరో పైనుంచి గోటితో గీకుతున్నట్టు.

మొదటి మగ్గం దగ్గర ఆగి, కోడల్ని ముందుకు పిలిచింది.

"షిఫ్టు మారేటప్పుడు మగ్గం వదిలేసి ఊరికే వెళ్ళిపోకూడదండీ. తర్వాతి మనిషి వచ్చి, ఇదిగో, ఇలా అరచెయ్యి చాపాలి. 'మగ్గం నాది' అనాలి. అప్పుడు పాత మనిషి ఈ కొక్కెం ఆ చేతిలో పెట్టాలి. తెగిన దారాన్ని లాగి పన్నెలోకి, అంటే ఈ దువ్వెన పళ్ళ మధ్యకి, ఎక్కించే కొక్కెం ఇది. పెట్టాక ఇక వెనక్కి చూడకూడదు. మగ్గం తనది కాదు కదా."

కోడలు చెయ్యి చాపి, నాటకంలో రాణిలా "మగ్గం నాది!" అంది. అందరూ నవ్వారు.

"మా ఇంట్లో వంటిల్లు కూడా ఇలాగే లాక్కుందండీ" అంది గైడమ్మ. మళ్ళీ నవ్వులు.

ఒక పెద్దాయన అడిగాడు. "మరి తర్వాతి మనిషి రాకపోతే?"

"రాకపోవడం అంటూ ఉండదండీ."

ఎవరడిగినా అదే జవాబు. ఆ జవాబు అబద్ధమని ఆమెకి తెలుసు.

ఎందుకంటే ఒకసారి రాలేదు. రానిది తనే.

మిల్లు మూసేసిన రోజున కూడా ఇలాంటి వానే. రాత్రి షిఫ్టుకి వచ్చేసరికి గేటుకి తాళం, తాళం పక్కన కాగితం. జనం అరిచారు, తిట్టుకున్నారు. ఆమె కాసేపు తడిసి, ఇంటికి పోయి పడుకుంది. లోపల రెండో షిఫ్టు వాళ్ళు కరెంటు పోయాక గంటసేపు చూసి, వెనక గేటునుంచి వెళ్ళిపోయారు. ముప్పై ఏడో మగ్గాన్ని గైడమ్మకి అప్పజెప్పాల్సిన పొడుగక్క మాత్రం కదల్లేదట. "పిల్ల వస్తుంది. వాన కదా, ఆలస్యమై ఉంటుంది" అందట. మూడో రోజు తలుపులు తీసినవాళ్ళకి మగ్గం మీదికి ఒరిగి కనపడింది. గుండె ఆగిందన్నారు.

గైడమ్మని ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఇన్నేళ్ళుగా దేవుడికి దండం పెట్టుకున్నప్పుడల్లా ఆవిణ్ణి తల్చుకుంటూనే ఉంది. జనాన్ని మాత్రం ఎప్పుడూ గోడవారగానే నడిపిస్తుంది. ముప్పై ఏడు వైపు పోనివ్వదు.

ఐదున్నరకి అందరినీ బయటికి పంపింది. గుమ్మం దగ్గర వాచ్‌మన్ లెక్కపెట్టాడు. "ఆరుగురే వచ్చారు. మీ కోడలుపిల్ల ఏదీ?"

"ఫోటోలు తీసుకుంటోందేమో. తీసుకొస్తానుండు బాబాయ్."

లోపల వెలుతురు పల్చబడింది. "అమ్మాయ్" అని పిలిచింది. నాలుగు అడుగులు వేసింది. మళ్ళీ పిలిచింది.

టక్.

చిన్న చప్పుడు. చెక్క మీద చెక్క తగిలినట్టు. వానేమో అనుకుంది.

టక్... టక్...

వాన కాదు. ఆ చప్పుడు ఆమె చెవి కంటే ముందు అరికాలు గుర్తుపట్టింది. పదేళ్ళు ఆ అదురు మీదే నిలబడింది మరి. కాళ్ళు వద్దంటున్నా మధ్య వరసలోకి తిరిగింది.

కోడలు ముప్పై ఏడో మగ్గం ముందు నిలబడి ఉంది. ఫోను నేల మీద పడి ఉంది. వంగి, రెండు చేతులతో గబగబా ఏదో చేస్తోంది.

"అమ్మాయ్, తాళం వేసేస్తారు. రా."

"ఒక్క నిమిషం అత్తయ్యా. దారం తెగింది."

మగ్గం మీద దారమే లేదు. ఇరవై ఆరేళ్ళుగా లేదు. సూదిలో దారం ఎక్కించమంటే మొగుణ్ణి పిలిచే పిల్ల... ఖాళీ గాలిలో రెండు వేళ్ళు మెలేసి, నేతగాళ్ళ ముడి వేస్తోంది. వేసింది. ఇంకోటి వేసింది. గోళ్ళ చివర్లు ఎర్రగా చీరుకుపోయి ఉన్నాయి.

"వదిలెయ్ తల్లీ. మీ ఆయన ఎదురుచూస్తుంటాడు."

"వద్దామనే అనుకుంటున్నానత్తయ్యా... అడుగు వేద్దామనుకుంటే చాలు, ఇంకో దారం తెగుతోంది." ఆ పిల్ల నవ్వబోయింది. "నేను ఫోటో కోసం చెయ్యి చాపానంతే. మీరు చెప్పినట్టే అన్నాను. సరదాకి. ఆవిడ ఇది పెట్టేసింది."

చేతిలో తుప్పు పట్టిన కొక్కెం.

"ఏ ఆవిడ?"

"పొడుగ్గా ఉందే... మీ వెనకే ఉంది కదా అత్తయ్యా."

గైడమ్మ వెనక్కి తిరగలేదు. మెడ మీద తడిబట్ట తగిలినట్టు చల్లగా ఉంది. తడిసిన గంజి వాసన... మరీ దగ్గరగా.

"కొక్కెం నీ చేతిలో పెట్టేసిందిగా, ఇంకా వెళ్ళిపోలేదేం మరి?" అంది గుసగుసగా.

కోడలు ముడి వేస్తూనే, అత్తగారి భుజం మీదుగా పైకి చూసింది. ఎవరో చెప్పేది వింటున్నట్టు తలాడించింది. "నేను కాదట. పిల్ల రావాలట. పిల్ల వచ్చిందా అని అడుగుతోంది."

గైడమ్మ కళ్ళు మూసుకుంది. పెదవుల మీదికి దేవుడి పేరు వచ్చింది. దాని వెనకే గుమ్మంలో కొడుక్కిచ్చిన మాట వచ్చింది. కళ్ళు తెరిచి, కుడి అరచెయ్యి చాపింది.

"వచ్చాను. ఆలస్యమైంది. మగ్గం నాది."

కోడలి వేళ్ళు ఆగిపోయాయి. కొక్కెం అత్తగారి చేతిలో పడింది. మంచుముక్కలా ఉంది. ఆ పిల్ల నిద్రలేచినట్టు ఒళ్ళు విరుచుకుని, ఫోను తీసుకుని, గుమ్మం వైపు నడిచింది. వెనక్కి చూడలేదు. అలా చూడకూడదని చెప్పింది తనే.

మెడ మీద చల్లదనం తొలగింది. కోడలి అడుగుల వెనక... ఇంకో జత అడుగులు. నెమ్మదిగా. చాలాకాలం నిలబడిపోయిన కాళ్ళు నడిచినట్టు.

"అమ్మాయ్!"

టప్పున దారం తెగింది. వేళ్ళు వాటంతటవే పోయి ముడి వేశాయి. ఈసారి ఆమెకి దారం కనపడింది. తెల్లగా, సన్నగా, వరసలు వరసలుగా. అడుగు ఎత్తింది. ఇంకోటి తెగింది. మళ్ళీ పిలిచింది. ఎడమ పక్క మగ్గం కదిలింది. కుడి పక్కది. ఆ పక్కది. మూడొందల మగ్గాలూ ఒక్కసారి లేచాయి. ఆ హోరులో తన గొంతు తనకే వినపడలేదు. నోరు మాత్రం ఆడుతోంది.

విచిత్రంగా, బయట వాకిట్లో మాటలు మాత్రం ఒక్కొక్కటీ స్పష్టంగా వినపడ్డాయి.

"ఇద్దరూ వచ్చేశారుగా? తాళం వేస్తున్నా" అన్నాడు వాచ్‌మన్.

"ఆ, వచ్చేశాం బాబాయ్" అంది కోడలు.

గొలుసు చప్పుడు. తాళం చప్పుడు.

"మెట్లు తడిగా ఉన్నాయి, నన్ను పట్టుకోండి అత్తయ్యా. అయ్యో, చేతులేంటి ఇంత చల్లగా ఉన్నాయి?"

కాసేపు వాన. తర్వాత జవాబు వచ్చింది. తగ్గు స్వరంతో, మెత్తగా. గైడమ్మ సొంత గొంతు.

"ఇంటికి ఎటు వెళ్ళాలమ్మాయ్?"