సాగదీసిన అక్షరం

ఇయర్‌ఫోన్‌లో ప్రతి శబ్దమూ స్పష్టంగానే వినిపించింది. ఏజెంటుకు మాత్రం ఒక్క ముక్కా అర్థం కాలేదు. ముఠా నాయకుడు ఫోనులో స్పానిష్‌లో గడగడా ఏదో చెప్పి పెట్టేశాడు. టేపు వెనక్కి తిప్పి, నెమ్మదిగా విని, అది హత్యకు ఆర్డరని గ్రహించేసరికి వీధి మలుపులో డిపార్ట్‌మెంట్ కొరియర్ నెత్తుటి మడుగులో పడి ఉన్నాడు.

ఆఫీసులో అతన్ని ముద్దుగా చెవులపిల్లి అనేవాళ్లు. ఆ రోజునుంచి ఆ పేరు ఎగతాళి అయింది. స్పానిష్ పుస్తకాలు అవలీలగా చదివేవాడు. ఎవరైనా నోరు విప్పితే మాత్రం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

చీఫ్ బ్రీఫింగ్ రెండు ముక్కల్లో ముగించాడు.

"ముందు నీ చెవులు బాగుచేసుకో. ముఠాలో మన మనిషి ఒకామె ఉంది. ఆమే నేర్పుతుంది."

ముఠా దృష్టిలో ఆమె వాళ్ల ఆర్డర్లు ఫోనులో అందించే నమ్మకస్తురాలు. నిజానికి డబుల్ ఏజెంట్. ఎత్తు మడమల చెప్పులు, ఎర్ర పట్టు స్కార్ఫు. వీధిలో నడిస్తే అందరి తలలూ ఆమె వైపు తిరిగేవి. సంగీతం నేర్చుకునేవాడి వేషంలో అతను ఆమె గదికి వెళ్లేవాడు.

మొదటిరోజే అతని చేతిలోని కాగితం లాగేసుకుంది. చదువుతూ వింటే కళ్లు మేలుకుంటాయి, చెవులు నిద్రపోతాయంది. ఒకే చిన్న సంభాషణను మళ్లీ మళ్లీ వినిపించేది. ముందు విషయం పట్టుకోమనేది, మాటలు ఆ తర్వాత. తెలియని మాట దగ్గర ఆగిపోతే వెనకొచ్చేవీ చేజారతాయని మందలించేది. ఆమె గొంతు వెంటే నీడలా అతనూ పలకాలి. ఆ భాషలోనూ మన సంధుల్లా మాటలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయని చెప్పింది.

"దోస్ అంటే రెండు. దోసే అంటే పన్నెండు. వెనక 'ఎన్ పుంతో', అంటే 'సరిగ్గా' అని చేరిస్తే, ముఠా యాసలో రెండూ ఒకేలా వినిపిస్తాయి. పన్నెండైతే మధ్యలో ఏకారం వెంట్రుకవాసి సాగుతుంది, అంతే."

ఎన్నోసార్లు పొరబడి చివరికి పట్టుకున్నప్పుడు ఆమె పక్కున నవ్వింది. ఆ నవ్వుకోసం అతను ఇంకో పాఠం అడిగాడు. తర్వాత ఇంకొకటి. ఈ పనైపోయాక ఉద్యోగాలు వదిలేసి ఎక్కడైనా కలిసి బతకాలనుకున్నారు.

ముఠా రహస్యాలు బయటపెట్టిన సైంటిస్టు ఒక హాల్లో ప్రసంగించబోయే రోజున, ట్యాప్ చేసిన లైనులో ఆమె గొంతు వినిపించింది. నాయకుడు పక్కనే నిలబడి చెప్పించిన ఆర్డరు: మైకు స్టాండులో బాంబు. సమయం రెండు గంటలని, విన్న మాటల్ని అక్షరాల్లోకి దించే మెషీన్ అచ్చుకొట్టింది. ఇంకా చాలా టైముందని చీఫ్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"పన్నెండు సార్," అన్నాడు చెవులపిల్లి. "ఏకారం సాగింది."

"నీ భ్రమేమో."

"కాదు సార్. నాకు తెలియాలనే సాగదీసింది. మామూలుగా ఎవరూ అంత సాగదీయరు."

అలా అన్నాకే అతనికి తట్టింది. తనకు వినిపించింది, ఆమె పక్కనున్నవాడికి వినిపించదా?

హాలు ఒకవైపు, ఆమె గది మరోవైపు. ఆమె ప్రాణం ఒడ్డింది హాల్లో ఉన్నవాళ్లకోసం. చీఫ్ తన మనుషుల్ని గదికి పంపాడు. చెవులపిల్లి హాలుకు పరిగెత్తాడు. మైకు మెకానిక్ వేషంలో స్టేజీ ఎక్కి, సైంటిస్టు గొంతు సవరించుకుంటుండగా స్టాండు విప్పి వైరు పీకేశాడు. గడియారం పన్నెండు కొట్టింది. సౌండు బాగా వస్తోందా అని సైంటిస్టు అడిగాడు. వస్తోందన్నాడు.

చీఫ్ మనుషులు ఆలస్యమయ్యారు. చెవులపిల్లి వెళ్లేసరికి ఆమె ఫోను పక్కన నేలమీద పడి ఉంది. ఆమె తల ఒళ్లో పెట్టుకుని, నేర్పిన భాషలో ఎన్నిసార్లు పిలిచాడో! ఆమె ఊపిరి అప్పటికే ఆగిపోయింది.

వారం తిరక్కుండా ముఠా మొత్తం దొరికిపోయింది. ఆ ఏడాది డిపార్ట్‌మెంట్ పెట్టిన స్పానిష్ పరీక్షలో, వినడంలో చెవులపిల్లికి నూటికి నూరు వచ్చాయి. మాట్లాడే పరీక్షకు మాత్రం అతను హాజరు కాలేదు.