గవ్వల దొర ఆఖరి పేజీ

చంద్రుడి మీద బొమ్మల కథల సంబరం పెట్టాలన్న బుద్ధి ఎవరికి పుట్టిందో గానీ, వాళ్లు అక్కడ ఒక్కసారి కూడా దుప్పటి దులిపి ఉండరు. భూమి మీది బరువులో ఆరో వంతే కాబట్టి, వేషాలేసుకొచ్చిన అభిమానుల అంగీలూ తోకలూ పైకి లేస్తే ఒక పట్టాన కిందికి దిగవు. 2094లో, శాంతిసాగరం కాలనీ సభామందిరంలో, డాక్టర్ విహారిక ముందువాళ్ల తోకల్ని మొహం మీంచి తోసుకుంటూ నడుస్తోంది.

తోకలకంటే ఎక్కువ విసిగిస్తున్నది పక్కనున్న మంజీర నోరు.

"అదిగోనే, ముప్పయ్యో భాగం రాక్షసుడి వేషం! వాడు చివరికి మంచోడేనని..."

"నోరు మూస్తావా? వెనకాల చదవనివాళ్లుంటారు."

"చదివే ఉంటార్లేవే!"

మంజీర మంచి మనిషే. ప్రాణం ఇమ్మన్నా ఇస్తుంది. కథ ముగింపు మాత్రం అడక్కుండానే ఇచ్చేస్తుంది. పాతికేళ్ల కిందట ఇలాంటి సంబరంలోనే ముసుగు వీరుడి బొమ్మల కథ 'గవ్వల దొర' ఆఖరి భాగం కోసం విహారిక వరుసలో నిలబడి ఉంది. అప్పుడే చదివేసి వచ్చిన ముక్కూమొహం తెలియని పిల్ల ఒకతె ఆమె దగ్గరికొచ్చి, దొర మొదటి భాగంలోనే చచ్చిపోయాడనీ, అప్పట్నించీ ముసుగులో ఉన్నది చెల్లెలనీ చెప్పేసింది. ఆ పిల్లే మంజీర. పొద్దున మొదలైన గొడవ సాయంత్రానికి స్నేహమైంది గానీ, విహారిక కడుపుమంట చల్లారలేదు. ముప్పైతొమ్మిది భాగాలు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన మనిషికి ఆఖరి పేజీని ఎంగిలి చేసి ఇస్తే ఎలా ఉంటుంది?

ఆ మంటలోంచే 'తొలిచూపు' పుట్టింది. చూడటానికి హెల్మెట్. ఒక విషయానికి సంబంధించిన జ్ఞాపకాలు మెదడులో ఏయే న్యూరాన్లలో అల్లుకుని ఉన్నాయో వెతికి, వాటి మీద స్మృతితెర దించుతుంది. ఇంజినీర్లు దాన్ని మెమొరీ షీల్డ్ అంటారు. అది దేన్నీ చెరపదు. మూడు గంటలయ్యాక దానంతటదే తొలగిపోతుంది. ఈలోగా తెలిసిన కథను తెలియనట్టే చదువుకోవచ్చు. నిధులిచ్చిన వాళ్లకు వైద్యం కోసమని చెప్పింది గానీ, విహారిక ఇన్నేళ్లు తల బద్దలు కొట్టుకున్నది ఆ ఒక్క పేజీ కోసమే. ఇవాళ సంబరంలో దాని మొదటి ప్రయోగం, తన తల మీదే.

ప్రయోగం గదిలో కూర్చోగానే యంత్రం మాట్లాడింది.

"ముగింపుతో ముడిపడిన జ్ఞాపకాలను కప్పుతాను. వాటిలో ఒక మనిషి మొత్తంగా ఉన్నారు. మంజీర గారు. మూడు గంటలపాటు ఆమె ఎవరో కూడా మీకు తెలియదు. సమ్మతమేనా?"

"మహా సమ్మతం," అంది విహారిక.

మంజీర మొహం చిన్నబోయింది. "అంతేలే. మరి నన్నేం చెయ్యమంటావ్?"

"ఎదురుగా నోరు మూసుకుని కూర్చో. కళ్లతో కూడా చెప్పకు. ఈసారి గానీ పాడు చేశావో, ఈ జన్మలో నీ మొహం చూడను."

అది తమాషాకి అన్న మాట కాదని మంజీరకు తెలుసు. ఆమెకు భయమేసింది.

"నా వల్ల కాదే. నువ్వు పేజీ తిప్పుతుంటే నా మొహమే చెప్పేసుద్ది. నాక్కూడా పెట్టెయ్ ఆ హెల్మెట్. నాకే తెలీకపోతే ఎట్టా చెప్తాను?"

పాతికేళ్లలో ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి తెలివైన మాట అదేననుకుంటూ విహారిక రెండో హెల్మెట్ తెప్పించింది.

కాసేపటికి బల్లకు చెరోవైపు, ఒకరికొకరు పరాయివాళ్లైన ఇద్దరు ఆడవాళ్లు, చెరో ఆఖరి భాగం చదువుతున్నారు. యంత్రాన్ని పరీక్షిస్తున్నానని విహారికకు గుర్తుంది. ఎదురుగా పెదాలు కదుపుతూ చదువుతున్న ఆ మనిషెవరో మాత్రం తెలియదు. పైగా ఆ గొణుగుడు చిరాగ్గా ఉంది.

విహారిక ఆఖరి పేజీకి వచ్చింది. దొర ముసుగు తీశాడు. ముసుగులో దొర లేడు. చెల్లెలుంది.

ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. ఇన్నేళ్లూ ఏం పోగొట్టుకుందో అదంతా ఆ ఒక్క క్షణంలో చేతికొచ్చింది. అంత సంతోషాన్ని ఒక్కతే మొయ్యడం ఆమెకు సాధ్యం కాలేదు. గదిలో ఉన్నది ఇంకొక్క మనిషి. ఆవిడ ఇంకా పుస్తకం సగంలోనే ఉంది. విహారిక బల్ల మీదుగా వంగి ఆవిడ చెయ్యి పట్టేసుకుంది.

"ఏవండీ! దొర మొదటి భాగంలోనే చచ్చిపోయాడండీ! ముసుగులో ఉన్నది చెల్లెలు!"

ఆవిడ చెయ్యి విదిలించుకుని పుస్తకం టప్పున మూసింది.

"బుద్ధుందా మీకు?" అంది. "ముప్పైతొమ్మిది భాగాలండీ! ఎన్నేళ్లు కాసుక్కూర్చున్నాననుకున్నారు? నేనడిగానా మిమ్మల్ని?"

"సంతోషం పట్టలేక..."

"మీ సంతోషం తగలెయ్య!"

వాదన పెరిగింది. తెర తొలగేసరికి అది, దొర చావు గురించి మొదటి భాగంలోనే సూచన ఉందా లేదా అనే దాకా వచ్చింది. మాట మధ్యలో ఇద్దరూ ఆగిపోయి ఒకరినొకరు చూసుకున్నారు. మంజీర ఎగతాళి చేస్తుందని విహారిక తల దించుకుంది. కానీ మంజీర నిజంగానే ఏడుస్తోంది.

"ఇంత మండుద్దా ఇది? నాకు తెలీనే తెలీదే," అంది. తరువాత ముక్కు చీది హెల్మెట్ అందుకుంది. "మళ్లీ పెట్టు. నువ్వు మాత్రం బయటికి ఫో!"

విహారిక యంత్రం నడిపించి, తలుపు దగ్గరేసి బయటికొచ్చింది. యంత్రం చూడ్డానికి బయట కట్టిన వరుసలో ముందున్నావిడ ఆత్రంగా అడిగింది.

"ముప్పైతొమ్మిదో భాగం దాకా చదివానండీ. ముగింపు బావుంటుందా?"

"చాలా బావుంటుంది," అని విహారిక ఆగింది. ఆగాననే అనుకుంది. ఆవిడ చెయ్యి అప్పటికే తన చేతిలో ఉంది.